కాగితపు కోటలు పదికాలాలు నిలవాలంటే

అనంతపురంలో చదువుకుంటున్న ఒక ఇంజనీరింగు విద్యార్థి ఇలా అడిగారు: "మేము ఐదుగురం స్నేహితులం ప్రతి ఆదివారం బల్ల మీద 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలతో యుద్ధపు ఆట ఆడతాం. కోటగోడలు, బురుజులు, ఇళ్లు అన్నీ 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెప్పే కాగితపు బరువు) కార్డు మీద రంగుల్లో ప్రింటు తీసి, కత్తిరించి, ఫెవికాల్‌తో అతికించాం. నాలుగైదు వారాలకే గోడలు విల్లులా వంగాయి, మూలలు తెల్లగా విచ్చుకున్నాయి, బురుజులు సరిగ్గా నిలబడటం లేదు. ఇంకా మందమైన కార్డు వాడితే సరిపోతుందా, లేక కాగితం వదిలేసి ప్లాస్టిక్‌కు పోవాలా?"

కాగితాన్ని వదలవలసిన పని లేదు. అయితే మందమైన కార్డు ఒక్కటే మీ సమస్యను తీర్చదు. నేను కడపలో ముప్పై ఏళ్లుగా పుస్తకాల బైండింగు చేస్తున్నాను. మా చెల్లెలి కొడుకు, అతని స్నేహితులు ఆడే ఇలాంటి ఆటకు పన్నెండేళ్లుగా కాగితపు కట్టడాలు కడుతున్నాను. మొదటి రెండేళ్లు నా కట్టడాలు కూడా మీవాటిలాగే చెడిపోయాయి. ఆ తరువాత నాకు అర్థమైనది ఏమిటంటే, నా రోజువారీ పనిలో తెలిసిన సూత్రాలనే నేను ఆ కోటలకు వాడటం లేదని. కిరాణా కొట్టులో ఉండే ఖాతా పుస్తకాన్ని గమనించండి. దానిని రోజుకు ఎన్నోసార్లు తెరుస్తారు, మూస్తారు, నూనె చేతులతో పట్టుకుంటారు, గల్లాపెట్టె పక్కకు విసురుతారు, అయినా అది ఏడాది పొడవునా నిలుస్తుంది. అందులో ఉన్నది కూడా కాగితం, అట్ట, గుడ్డ, జిగురు మాత్రమే. కాబట్టి కాగితపు కోటను బొమ్మలాగా కాకుండా, పదిమంది చేతుల్లో నలిగే పుస్తకంలాగా కట్టాలి. కింద నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మీ గోడలు విల్లులా వంగడానికి కారణం బలం చాలకపోవడం కాదు, నీళ్లు. ఫెవికాల్‌లో నీరు ఉంటుంది. కాగితానికి అది రాయగానే పీచు నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, కాగితం సాగుతుంది. ఆరేటప్పుడు తిరిగి కుదించుకుపోతుంది. ఒకవైపు మాత్రమే కాగితం అతికించిన అట్ట మీద ఈ కుదింపు పడినప్పుడు, అది అట్టను తనవైపు లాగుతుంది. అట్ట ఎంత మందమైనదైనా లాగుడు నిలకడగా ఉంటే లొంగక తప్పదు. మన ప్రాంతంలో ఇది మరింత తొందరగా బయటపడుతుంది, ఎందుకంటే సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో వేసవి గాలి ఎముకలా పొడిగా ఉంటుంది, వాన పడిన నాలుగు రోజులూ తేమ ఒక్కసారిగా పెరుగుతుంది. మీ గోడ ఏప్రిల్‌లో ఒక వైపుకు, సెప్టెంబరులో మరో వైపుకు వంగి కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

దీనికి బైండింగులో ఎప్పటినుంచో ఉన్న విరుగుడు, రెండో వైపున కూడా కాగితం అతికించడం. ముందు వైపున ఏ మందం కాగితం వాడారో వెనుక కూడా అదే మందం, అదే జిగురు, అదే రోజు, ఒకే బరువు కింద. రెండు వైపులా లాగుడు సమానమైనప్పుడు అట్ట ఎటూ పోలేక నిటారుగా నిలుస్తుంది. వెనుక వైపు ఎవరికీ కనబడదు కదా అని చాలామంది ఈ పని మానేస్తారు. గట్టి కోటకూ వంగిన కోటకూ ఉన్న తేడాలో సగం ఆ కనబడని కాగితంలోనే ఉంటుంది.

రెండో సంగతి కాగితం వాటం. కాగితం తయారయ్యేటప్పుడు దాని పీచు ఎక్కువభాగం ఒకే దిశలో పడుకుంటుంది; మేము దానిని వాటం అంటాం. తడి తగిలినప్పుడు కాగితం వాటానికి అడ్డంగా ఎక్కువ సాగుతుంది, నిలువుగా చాలా తక్కువ సాగుతుంది. వాటం తెలుసుకోవడానికి కాగితాన్ని చదరపు ముక్కగా కోసి, ఒకవైపు నుంచి తడిగుడ్డతో అద్దండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటు ఉందో వాటం అటు ఉన్నట్టు. అట్టకైతే తడి అక్కరలేదు, రెండు దిశల్లో వంచి చూస్తే ఒకవైపు తేలికగా వంగుతుంది, ఆ మడత వెంట పోయేదే వాటం. మామూలు ఏ4 కాగితంలో ఇది సాధారణంగా 297 మిల్లీమీటర్ల పొడవు వెంట ఉంటుంది. ముఖానికి అతికించే కాగితం, నడుమ అట్ట, వెనుక కాగితం, మూడింటి వాటం ఒకే దిశలో ఉండేలా పేర్చుకోండి. గుండ్రటి బురుజు చుట్టేటప్పుడు వాటం బురుజు ఎత్తు వెంట నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే చుట్టేటప్పుడు ఎక్కడికక్కడ విరిగి, గుండ్రంగా రావలసింది పలకలు పలకలుగా వస్తుంది. మడతలు కూడా వాటం వెంట పెట్టినవి శుభ్రంగా వస్తాయి, అడ్డంగా పెట్టినవి పగులుతాయి.

ఇక అసలు పని. 200 జీఎస్‌ఎం కార్డు మీద ప్రింటు తీయడం మానేసి, 80 లేదా 100 జీఎస్‌ఎం కాగితం మీద తీయండి. దానిని ఒకటిన్నర లేదా రెండు మిల్లీమీటర్ల గ్రే బోర్డు మీద అతికించండి. బైండింగు సామాన్లు అమ్మే కొట్లలో ఇది పెద్ద షీట్లుగా దొరుకుతుంది, పుస్తకాల గట్టి అట్టలకు వాడేది ఇదే. ఫెవికాల్ మూడు పాళ్లకు నీళ్లు ఒక పాలు కలిపి, వెడల్పు బ్రష్‌తో కాగితానికే రాయండి, అట్టకు కాదు. రాసిన తరువాత ఒక నిమిషం ఆగాలి. ఈ ఒక్క నిమిషంలో కాగితం సాగవలసినంతా సాగిపోతుంది. ఆగకుండా వెంటనే అతికిస్తే, అట్ట మీద పడ్డాక సాగి బుడగలు లేస్తాయి. అతికించాక మధ్యనుంచి అంచులకు పొడిగుడ్డతో తుడుస్తూ గాలి బయటికి తోసేయండి. వెంటనే తిప్పి రెండో వైపు కూడా అలాగే చేయండి.

ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. ఫ్యాను కింద పెట్టిన అట్ట పైనుంచి ఆరి, లోపల తడిగా ఉండి మెలితిరుగుతుంది. ఈ పనికి మా జిల్లాలో దొరికే వస్తువుకు సాటి లేదు: కడప బండ. నునుపు చేసిన ముఖం అద్దంలా సమతలంగా ఉంటుంది, ఒక అడుగు చదరంలో అంగుళం మందం ఉన్న ముక్క ఆరు కిలోలకు పైగా తూగుతుంది. వంటగది గట్లు వేసేవారి దగ్గర మిగిలిన ముక్కలు చాలా తక్కువకు ఇస్తారు. రెండు ముక్కలు తెచ్చుకోండి. కింద బండ, దాని మీద ప్లాస్టిక్ షీటు, తెల్ల కాగితాలు నాలుగు, అతికించిన అట్ట, మళ్లీ తెల్ల కాగితాలు, ప్లాస్టిక్ షీటు, పైన బండ. గంట తరువాత తడిసిన కాగితాలు తీసి పొడివి పెట్టండి, రాత్రికి ఇంకొకసారి మార్చి మర్నాటి వరకు అలాగే ఉంచండి. పాత వార్తాపత్రికలు వాడవద్దు, తడికి వాటి ఇంకు మీ గోడల మీదికి దిగుతుంది.

ఇక్కడే ప్రింటు గురించి ఒక మాట. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు పట్టణాన్ని ముంచినప్పుడు, తడిసిన ప్రాజెక్టు రిపోర్టులను, దస్తావేజుల నకళ్లను మళ్లీ బైండు చేయడానికి నా దగ్గరికి కూడా కొన్ని కట్టలు వచ్చాయి. పేజీలు విడదీస్తుంటే ఒకే రిపోర్టులో లేజర్ ప్రింటు తీసిన పేజీలు బురద మరకలతోనైనా అక్షరం చెదరకుండా ఉన్నాయి, ఇంక్‌జెట్‌లో తీసిన రంగుల పటాలు మాత్రం నీలి, గులాబి రంగు చెరువులుగా మారిపోయాయి. లేజర్ టోనరు అంటే కాగితం మీద వేడితో కరిగించి అంటించిన ప్లాస్టిక్ పొడి, దానికి నీటితో పని లేదు. మామూలు ఇంక్‌జెట్ రంగుల్లో చాలావరకు నీటిలో కరిగేవే. కాబట్టి వీలైతే లేజర్ ప్రింటు తీయించండి. ఇంట్లో ఇంక్‌జెట్ ఉంటే, ప్రింటు పూర్తిగా ఆరాక, జిగురు తాకకముందే మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే ఒక పలుచటి పూత వేసి, అది ఆరాకే పని మొదలుపెట్టండి. లేజర్ ప్రింటుకు ఉన్న ఒక లోపం ఏమిటంటే, మడత దగ్గర ఆ ప్లాస్టిక్ పొర పగిలి తెల్లగీత కనబడుతుంది. దాని విరుగుడు అంచుల సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

పలుచటి కార్డుకు గీసిన నమూనాను రెండు మిల్లీమీటర్ల అట్ట మీదికి మార్చినప్పుడు మూలలు కలవవు. చాలామంది విసిగిపోయి పాత పద్ధతికి తిరిగిపోయేది ఇక్కడే. ముఖపు కాగితంతో కలిపి అట్టను మడవబోతే, లోపలి అంచులు ఒకదానినొకటి తన్నుకుని కాగితాన్ని చింపుతాయి. దీనికి పుస్తకపు గట్టి అట్ట ఎలా చేస్తామో చూడండి: గుడ్డ ఒక్కటే, దాని మీద అట్టలు విడివిడిగా, మధ్యలో ఖాళీ విడిచి అతికిస్తాం. ఆ ఖాళీయే మడతకు చోటు. బురుజుకు కూడా ఇదే పద్ధతి. ఉదాహరణకు, నాలుగు ముఖాల బురుజు ఒక్కొక్క ముఖం 76 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే మూడు అంగుళాలు, అనుకుందాం. ముఖపు కాగితం నాలుగు గోడలకూ కలిపి ఒకే ముక్కగా ఉంచండి. ఎదురెదురు గోడలు రెండింటికి అట్టను పూర్తిగా 76 కోయండి. మిగిలిన రెండింటికి 72 మాత్రమే కోసి, మడత గీతకు అటూ ఇటూ రెండేసి మిల్లీమీటర్లు విడిచి అతికించండి. మడిచినప్పుడు చిన్న అట్ట అంచు పెద్ద అట్ట లోపలి ముఖానికి సరిగ్గా ఆనుకుంటుంది, బయట కొలత మారదు. వెనుక కాగితాన్ని ప్రతి గోడకు విడివిడిగా, అంచుల దగ్గర కాస్త తగ్గించి, మడవకముందే అతికించి బండ కింద పెట్టాలి. మడత గీతల మీద మాత్రం ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్టీలు స్కేలు ఆనించి ముందే ఒకసారి గీటు పెట్టండి. కత్తితో కాదు, కత్తి పీచును తెంపుతుంది. మడతకు కావలసింది పీచు తెగడం కాదు, లొంగడం.

మడిచిన తరువాత లోపలి మూలలకు, పై నుంచి కింది వరకు, రెండు సెంటీమీటర్ల వెడల్పు కాలికో (బైండింగుకు వాడే నూలు) గుడ్డ పట్టీ ఫెవికాల్‌తో అతికించండి. కాలికో దొరకకపోతే ఉతికి గంజి పోయిన పాత నూలు ధోవతి ముక్క చాలు. కాగితపు రెక్కలతో అతికించిన మూల విడిపోయేటప్పుడు ఒక్కసారిగా విడిపోతుంది. గుడ్డ పట్టీ ఉన్న మూల ఎన్నిసార్లు నొక్కుకుపోయినా తిరిగి తన చోటికి వస్తుంది. ఖాతా పుస్తకపు వీపు ఏడాది పొడవునా ఓర్చుకునేది కూడా గుడ్డ వల్లనే. గుడ్డ మీద అదనంగా, మిగిలిన గ్రే బోర్డుతో చిన్న త్రికోణాలు కోసి, పైనా కిందా మూలల్లో అడ్డంగా అతికిస్తే బురుజు మెలితిరగదు.

పైకప్పు మీద లోహపు బొమ్మలు నిలబడేటట్లయితే, దాని కింద అట్ట పట్టీలను నిలువుగా, ఒకదానిలో ఒకటి గాడి పెట్టి అల్లి, తేనెపట్టులా గళ్లు చేయండి. గడికి గడికి మధ్య రెండు అంగుళాలకు మించకూడదు. ఇంతకు మించి లోపల కట్టనక్కరలేదు. కొందరు లోపలంతా కాగితం కుక్కి గట్టిపరచాలని చూస్తారు; దానివల్ల తేమ లోపల నిలిచి, బయటి గోడ ఉబ్బుతుంది.

అంచుల మాటకు వద్దాం. ఏ అట్టయినా ముఖం మీద అరగదు, అంచు దగ్గర విచ్చుకుంటుంది. పొరలు విడిపోయి, పువ్వులా విప్పారి, అక్కడినుంచి తడి, మురికి లోపలికి దిగుతాయి. కోసిన ప్రతి అంచును మొదట నున్నటి ఉప్పు కాగితంతో ఒకే దిశలో రెండు మూడుసార్లు రుద్దండి. తరువాత పలుచటి ఫెవిక్విక్ చుక్కలు చుక్కలుగా అంచు వెంట వేస్తే అట్ట దానిని పీల్చుకుని చెక్కలా గట్టిపడుతుంది. కిటికీ తెరిచిన గదిలో, ముఖం దూరంగా పెట్టి చేయండి, ఆ ఆవిరి కళ్లను మండిస్తుంది. ఖర్చు ఎక్కువనుకుంటే నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను వేలితో అద్ది, ఆరాక మళ్లీ రుద్దినా చాలావరకు పని జరుగుతుంది. అన్ని అంచులకూ ఫెవిక్విక్ అవసరం లేదు. కోట కొమ్ములు (గోడ పైఅంచున పళ్లలా నిలిచేవి), తలుపు చుట్టూ, కింది అంచు, ఈ మూడు చోట్లకు తప్పనిసరి.

తరువాత రంగు. తెల్లగా కనబడే అంచు ఎంత మంచి ప్రింటునైనా బొమ్మ అని పట్టిచ్చేస్తుంది. నేను గండికోట ప్రాకారం కట్టినప్పుడు ఆ ఎర్రటి ఇసుకరాతి రంగు కోసం ఇటుక రంగులో కొంచెం పసుపు, చిటికెడు నలుపు కలిపాను. జమ్మలమడుగు వైపు నుంచి పొద్దున పూట వెళ్లి చూస్తే ఆ గోడలు ఒకే ఎరుపు కాదు, రాయికి రాయికి తేడా ఉంటుంది. అంచుల రంగు కూడా అక్కడక్కడా ముదురుగా, అక్కడక్కడా లేతగా ఉంటేనే నప్పుతుంది. పాఠశాల పిల్లలు వాడే పోస్టరు రంగులు వద్దు, ఆరిన తరువాత కూడా తడి తగిలితే మళ్లీ కరిగి చేతికి అంటుకుంటాయి. అక్రిలిక్ రంగులు ఒకసారి ఆరితే నీటికి కదలవు. లేజర్ ప్రింటు మడతల దగ్గర తెల్లగీతలు పడతాయని అన్నాను కదా, అవి కూడా సన్నటి బ్రష్‌తో ఇదే రంగు అద్దితే పోతాయి.

ఇప్పుడు పైపూత. ఇక్కడ నేను చేసిన తప్పు మీకు ఉపయోగపడుతుంది. మొదటి రోజుల్లో ఆటబల్ల మీద చెరసాల నేలగా పరిచే పలకలు నలభై చేసి, ఇంటర్నెట్‌లో చాలామంది చెప్పినట్టు నీళ్లు కలిపిన ఫెవికాల్‌నే పైపూతగా రెండుసార్లు పూశాను. మెరుస్తూ, గట్టిగా, ఎంతో బాగున్నాయి. ఒకదానిమీద ఒకటి పేర్చి అట్టపెట్టెలో పెట్టి, మేడమీది గదిలో ఉంచాను. మే నెలాఖరున పెట్టె తెరిస్తే నలభై పలకలు ఒకే ఇటుకలా అంటుకుపోయి ఉన్నాయి. కత్తి దూర్చి విడదీసేసరికి ఒకదాని బొమ్మ మరొకదాని వెనుకకు ఊడివచ్చింది, పైన ఉన్న ఆరేడు తప్ప ఏవీ దక్కలేదు. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు ఆరినా, 30 నుంచి 40 డిగ్రీల మధ్య తిరిగి మెత్తబడే గుణం ఉన్న పదార్థం. చల్లటి దేశాలవారు దానిని పైపూతగా వాడి మెచ్చుకోవచ్చు. 42 డిగ్రీలు చూసే మన ఊళ్లలో అది అతికించడానికే పనికివస్తుంది, పైపూతకు కాదు. పైగా టీ గ్లాసు తడి తగిలితే తెల్లగా పాలిపోతుంది.

పైపూతకు మ్యాట్ అక్రిలిక్ వార్నిష్ వాడండి, స్ప్రే అయినా బ్రష్‌తో పూసేదైనా ఫరవాలేదు. స్ప్రే అయితే ఒక అడుగు దూరం నుంచి, చేయి ఆపకుండా కదుపుతూ, పలుచగా మూడు పూతలు, ఒక్కొక్కదానికి మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగి. ఒక్కసారే చిక్కగా కొడితే కాగితం తడిసి మళ్లీ వంగుతుంది. వాన ముసురు పట్టిన రోజు కొడితే పూత తెల్లగా మసకబారుతుంది. మిట్టమధ్యాహ్నం వడగాలిలో కొడితే తుంపర గాలిలోనే ఆరిపోయి గరుకు పొడిలా దిగుతుంది. ఉదయం ఏడు, తొమ్మిది గంటల మధ్య, గాలి లేనప్పుడు, ఆరుబయట, ముక్కుకు మాస్కు కట్టుకుని చేయడం మంచిది. కట్టడంలో ఎక్కడైనా థర్మాకోల్ గానీ, కోసిన అంచు కనబడే ఫోమ్ బోర్డు గానీ ఉంటే స్ప్రేలోని ద్రావకం దానిని కరిగించేస్తుంది, అక్కడ ముందుగా ఫెవికాల్ పూసి కప్పాలి, లేదా బ్రష్‌తో పూసే నీటి వార్నిష్ వాడాలి.

నేల పలకల విషయంలో మాత్రం నా సలహా వేరు. వాటి మీద బొమ్మలు జరుపుతూ ఉంటారు కాబట్టి ఏ వార్నిష్ అయినా కొన్నాళ్లకు గీతలు పడుతుంది. ప్రింటింగు ప్రెస్సులలో పుస్తకాల పైఅట్టలకు వేసే మ్యాట్ థర్మల్ ఫిల్మ్ (వేడితో అంటించే పలుచటి ప్లాస్టిక్ పొర) ముఖపు కాగితానికి వేయించి, ఆ తరువాత అట్టమీద అతికించండి. గుర్తింపు కార్డులకు వేసే మెరుపు లామినేషన్ కంటే ఇది మేలు, దీపం వెలుతురు కళ్లలో కొట్టదు. ఫిల్మ్ ఒకవైపే ఉంటుంది కనుక పలక వెనుక కాగితం కూడా ఫిల్మ్ వేసినదే అయి ఉండాలి. మొదట చెప్పిన సమతూకపు సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. ఫిల్మ్ వేసిన కాగితాన్ని అతికించాక ఆరడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఎందుకంటే తడి బయటికి పోయే దారి అంచులు మాత్రమే. రెండు రోజులు బండ కింద ఉంచండి.

బురుజులు నిలబడటం లేదన్నారు. ఆరు అంగుళాల ఎత్తు, మూడు అంగుళాల అడుగు ఉన్న కాగితపు బురుజు చేయి తగిలితే పడక మానదు. దానికి అడుగున పీఠం కావాలి. మూడు మిల్లీమీటర్ల సన్‌బోర్డు అనే ప్లాస్టిక్ పలక, సైన్‌బోర్డులు చేసేవారి దగ్గర తుక్కు ముక్కలుగా దొరుకుతుంది, నీటికి చెడదు, కట్టర్‌తో తెగుతుంది. బురుజు కంటే చుట్టూ అర అంగుళం వెడల్పుగా కోసి, అంచులను ఏటవాలుగా చెక్కండి. బురుజు లోపల, పీఠం మీద నాలుగైదు పెద్ద ఇనుప వాషర్లు అతికించండి. నూరు గ్రాముల బరువు అడుగున ఉంటే పట్టు వస్తుంది. ఈ వెడల్పు అంచుకు ఇంకొక ప్రయోజనం ఉంది. ఆడేవాళ్లు కట్టడాన్ని ఎక్కడ పట్టుకుని ఎత్తుతారో చూడండి: ఎప్పుడూ కొమ్ముల దగ్గర, లేదా పైకప్పు దగ్గర. అక్కడే ముందు చెడుతుంది. పీఠానికి వేళ్లు ఆనే అంచు కనబడితే చేయి తనంతట తానే అక్కడికి పోతుంది. మా పిల్లలకు నేను నోటితో చెప్పి మాన్పించలేని అలవాటును ఈ అర అంగుళం మాన్పించింది. అయినా కొమ్ములను మాత్రం కాగితంతో చేయకండి, రెండు అట్టలు కలిపి అతికించి కోయండి.

వేడి జిగురు తుపాకీ గురించి చాలామంది అడుగుతారు. త్వరగా పని అవుతుంది, నిజమే. కానీ ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఆ జిగురు మెత్తబడి అతుకులు జారిపోతాయి. సెల్లోటేపు అయితే రెండేళ్లలో పసుపుపచ్చగా మారి, జిగురు చుట్టూ కారి దుమ్ము పట్టిస్తుంది. ఈ రెండూ శాశ్వతంగా నిలవవలసిన దేనికీ వాడవద్దు.

మైదా జిగురు వాడవచ్చా అని కూడా మీలో కొందరికి అనిపించవచ్చు, బైండింగులో అది మాకు అలవాటైనదే. కాగితాన్ని బాగా పడుకోబెడుతుంది, తీసి మళ్లీ అతికించుకునే వీలిస్తుంది. కానీ మైదా వాసనకు వెండిచేపలు, బొద్దింకలు వస్తాయి. అందుకే పాతకాలపు బైండర్లు అందులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం. పిల్లలు చేతులతో పట్టుకుని, అదే చేతులతో మిరపకాయ బజ్జీ తినే ఆటసామానులో దానికి చోటు లేదు. ఈ ఒక్క పనికి ఫెవికాలే సురక్షితం.

దాచడానికి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ పెట్టెలు వాడండి, పెట్టెను నేలకు, గోడకు ఆనకుండా ఎత్తు మీద పెట్టండి. చెదలు పట్టేది గోడ వెంటే. ఎండబెట్టిన వేపాకు గుడ్డసంచిలో కట్టి వేయవచ్చు. నాఫ్తలీన్ గోళీలు వేయవద్దు. మీ బొమ్మలు పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌వైతే ఆ ఆవిరికి మెత్తబడతాయి. గోడలను పడుకోబెట్టి, మధ్యమధ్య పలుచటి కాగితం వేసి దొంతరగా పెట్టండి, బురుజులను నిలువుగా ఉంచండి. నెలకొకసారి మూత తీసి గాలి తగలనివ్వండి.

మరమ్మతుకు ఒక అలవాటు చేసుకోండి: ప్రతి పేజీని రెండు ప్రతులు ప్రింటు తీసి, రెండోదానికి కూడా అప్పుడే వార్నిష్ వేసి, చదునుగా దాచండి. ఏడాది తరువాత అదే ప్రింటర్‌లో తీసినా రంగు కలవదు. గోడ ముఖం చిరిగితే, ఆ ప్రతిలోనుంచి అవసరమైన దానికంటే కాస్త పెద్ద ముక్కను కత్తెరతో కాక చేతితో చింపి తీయండి. చింపిన అంచు పలుచబడి, పాత కాగితంలో కలిసిపోతుంది. కత్తిరించిన అంచు మెట్టులా కనబడుతుంది. రాళ్ల వరుసల మధ్య గీతల వెంట చింపితే అతుకు ఎక్కడుందో మీకే దొరకదు.

ఇన్ని పనులు ప్రతి కట్టడానికీ చేయనక్కరలేదు. ఒక ఆట మొత్తంలో పది వస్తువులుంటే అందులో మూడో నాలుగో మాత్రమే చేతుల్లో ఎక్కువగా నలుగుతాయి: కోటగోడ ముక్కలు, తెరుచుకునే ద్వారం, నేల పలకలు. దూరంగా ఒక మూల నిలబడి ఉండే గుడి గోపురానికి, ధాన్యాగారపు పైకప్పుకు మీ పాత 200 జీఎస్‌ఎం కార్డే చాలు, లోపల గుడ్డ పట్టీలు, పైన వార్నిష్ వేస్తే సరి.

తెరుచుకునే ద్వారం కోసం మాత్రం కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టండి. రెండు మిల్లీమీటర్ల అట్టతో తలుపు రెక్కలు కోసి, వెనుక వైపున గోడకూ రెక్కకూ కలిపి కాలికో పట్టీ అతికించాలి. రెక్కకూ గోడకూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ విడవాలి, ఆ ఖాళీలో గుడ్డకు జిగురు తగలకూడదు. జిగురు తగిలిన చోట గుడ్డ గట్టిపడి, మడతకు మడతకు విరుగుతుంది. పట్టీ అతికించేటప్పుడు ఆ ఖాళీలో మైనం రాసిన దారం పరిచి, ఆరాక లాగేస్తే సందు శుభ్రంగా మిగులుతుంది. 2016లో నేను కట్టిన గండికోట ద్వారానికి ఈ పద్ధతే వాడాను. ముఖపు కాగితం రెండుసార్లు మార్చాను, కొమ్ములు ఒకసారి మార్చాను, పీఠం ఒకసారి మార్చాను. ఆ గుడ్డ బందులు మాత్రం మొదటి రోజు వేసినవే, ఈ ఆదివారం కూడా తలుపులు వాటి మీదే తెరుచుకున్నాయి.